ఫేజ్ అయిపోయిందని ఎవరు చెప్పాలి? నాలుగు టైమ్‌జోన్ల టీమ్స్‌తో ప్రాజెక్ట్ నడిపేవాళ్లు ఒకసారి చూడండి

లింగంపల్లి_లోకల్
నవంబర్ 12, 2025, రాత్రి 11:52

అందరికీ నమస్తే అండీ. ఇప్పుడే కాల్ అయ్యింది, నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఈఆర్‌పీ (కంపెనీ స్టాకు, ఆర్డర్లు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుల్లో పదకొండేళ్లుగా ఉన్నా, లీడ్‌గా నాలుగేళ్లు, కానీ నాలుగు టైమ్‌జోన్లు కలిసిన ప్రాజెక్ట్ నాకు ఇదే మొదటిది. క్లయింట్ పేరు చెప్పను. పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారుతున్నారు, మూడు వేవ్‌లు, అంటే మూడు విడతలు. ముందు టెక్సస్ గోడౌన్లు, తర్వాత జర్మనీ, ఆఖర్న ఆస్ట్రేలియా. డిజైన్ ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లది, బిల్డ్ హైదరాబాద్‌లో మాది, టెస్టింగ్ మెల్‌బోర్న్, యూఏటీ, అంటే వాడబోయేవాళ్లే స్వయంగా వాడి చూసే ఆఖరి పరీక్ష, చేసేది డల్లాస్‌లో క్లయింట్ మనుషులు.

ఆగస్టులో డిజైన్ ఫేజ్ క్లోజ్ అయ్యింది. క్లోజ్ అంటే, "లుక్స్ గుడ్, ప్రొసీడ్" అని ఒక లైను మెయిల్, అంతే. మేం రెండు నెలలు బిల్డ్ చేశాం, టెస్టింగ్ కూడా పాసైంది, యూఏటీ మొదటి వారంలోనే డల్లాస్‌లో ఒకావిడ 10 కేసులకి ఆర్డర్ కొట్టి స్టాక్ చూస్తే సిస్టమ్‌లో 120 పీసులు తగ్గాయి, ట్రక్కులోకి మాత్రం 240 ఎక్కాలి. తవ్వితే తేలిందేంటంటే జర్మనీ ప్లాంట్‌లో కేస్ అంటే 12, టెక్సస్‌లో కేస్ అంటే 24. డిజైన్ డాక్యుమెంట్‌లో ఉత్త "కేస్" అని ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లకి 12 అనేది విడిగా చెప్పక్కర్లేనంత మామూలు విషయం, డల్లాస్ వాళ్లకి 24 కూడా అంతే, మధ్యలో మాకు రెండూ తెలీవు. మెల్‌బోర్న్ వాళ్లు టెస్ట్ చేసిందేమో జర్మనీ డేటాతో. మూడు వారాలు పోయాయి.

ఇప్పుడు వేవ్ 1 యూఏటీ సైన్ ఆఫ్ (అయిపోయిందని ఒప్పుకోవడం) కాకుండానే వేవ్ 2 డిజైన్ మొదలుపెట్టమంటున్నారు. ఆగస్టులో జరిగిందే మళ్లీ జరుగుతుందని నాకు భయంగా ఉంది. నలుగురినీ ఒక్క కాల్‌లో కూర్చోబెడదామంటే కుదిరే గంటే లేదు. డల్లాస్‌లో ఉదయం 9 అంటే మాకు మొన్నటిదాకా రాత్రి 7:30, నవంబర్ 2న చలికాలానికి వాళ్ల గడియారం గంట వెనక్కి మారాక 8:30, ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాయంత్రం 4, మెల్‌బోర్న్‌లో తెల్లవారుజామున 2. కాల్ ఏ రోజూ గంటలో అవ్వదు, ఇవాళ 11:30 దాటింది. టీమ్‌లో ఇద్దరు పేపర్లు వేశారు (రాజీనామా), ఇద్దరూ చెప్పిన కారణం రాత్రి కాల్సే.

మీరెలా నడుపుతున్నారు? అసలు ఒక ఫేజ్ అయిపోయిందని ఎవరు చెప్తే అయిపోయినట్టు?

---

డల్లాస్_దొండకాయ
నవంబర్ 13, 2025, ఉదయం 7:20

నేను డల్లాస్ పక్క ఫ్రిస్కోలో ఉంటా, ఆన్‌సైట్ కోఆర్డినేటర్‌ని, అంటే క్లయింట్ దగ్గరే ఉండి రెండు వైపులా కలిపే పని. ముందుగా ఒక మాట, ఇలాంటి థ్రెడ్స్‌లో కాసేపటికి "ఆన్‌సైట్ వాళ్లు ఏం చేస్తున్నారు" అని మొదలవుతుంది, అందుకే ఇటు వైపు సంగతి చెప్తా. క్లయింట్ ఆఫీసులో రోజంతా కూర్చుని వాళ్లు అడిగినవన్నీ విని, సాయంత్రం ఇంటికెళ్లి పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి 9:30కి మీకు ఉదయం అయ్యింది కదా అని మళ్లీ లాగిన్ అయ్యేది మేమే.

ఇక మీ ప్రశ్న. ఆ "లుక్స్ గుడ్" మెయిల్ ఎందుకొచ్చిందో చూడండి. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్ అయితే మైల్‌స్టోన్‌కి, అంటే ఒక్కో దశ పూర్తయినప్పుడు, బిల్లు ఉంటుంది. డిజైన్ సైన్ ఆఫ్ అవ్వగానే ఇన్‌వాయిస్ వెళ్తుంది. ఆ డేట్ క్వార్టర్ చివర్లో పడితే ఇంక చెప్పక్కర్లేదు, రెండు వైపులా అందరికీ అది అయిపోయిందని అనిపించాలనే ఉంటుంది. ఎవరూ మోసం చేయరు, కానీ ఎవరూ లోతుగా కూడా చూడరు. గేట్ (తర్వాతి ఫేజ్‌కి వెళ్లనిచ్చే చెక్) తెరిచే డేట్, డబ్బులొచ్చే డేట్ ఒకటే అయినప్పుడు ఆ గేట్ ఎలాగోలా తెరుచుకుంటుంది.

మేం ఒక ప్రాజెక్ట్‌లో మైల్‌స్టోన్ సొమ్ముని రెండుగా విడగొట్టించాం. డాక్యుమెంట్ ఇచ్చినప్పుడు కొంత, తర్వాతి టీమ్ దాన్ని తీసుకుని పని మొదలుపెట్టి "మాకు సరిపోయింది" అన్నాక మిగతాది. ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది, అది కాంట్రాక్ట్ రాసేటప్పుడే జరగాలి, మధ్యలో కుదరదు. మీ వేవ్ 2 కాంట్రాక్ట్ ఇంకా సంతకం కాకపోతే ఇప్పుడే అడగండి.

---

ఓరుగల్లు_పోరడు
నవంబర్ 13, 2025, ఉదయం 9:05

అక్కా నేను జూనియర్ డెవలపర్‌ని, రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్. మీరు కాల్స్ గురించి రాసింది సదివి నాకు కూడా రాయాలనిపించింది. మాకు రోజు రాత్రి తొమ్మిదిన్నరకి కాల్ ఉంటది, ఇరవై మంది ఉంటరు, మాట్లాడేది నలుగురు. నేను మ్యూట్‌ల కూసుంట. నా పని మీద డిసిషన్ ఏమో నేను లేని కాల్‌ల అయితది, పొద్దున వచ్చేసరికి మెయిల్‌ల ఉంటది, "అబ్జెక్షన్ లేకపోతే ఈవోడీ వరకు అప్రూవ్ అయినట్టే" అని. ఈవోడీ అంటే ఆ రోజు పని అయిపోయే టైమ్ కదా, మరి ఎవరి ఈవోడీ? నేను సూసేసరికే వాళ్ల ఈవోడీ అయిపోయి ఉంటది.

మౌనం అర్ధాంగీకారం అంటరు కదా, ఇక్కడ మౌనం అంటే నిద్రవోయినమని అర్థం. గంతే. ఇది పైనోళ్లకి ఎవరన్నా చెప్పాలె.

---

లింగంపల్లి_లోకల్
నవంబర్ 13, 2025, ఉదయం 9:40

తమ్ముడూ నువ్వు రాసింది చదివి మా టీమ్ మెయిల్స్ తీసి చూశా. "ఈవోడీ" అన్న మాట నేనే ఈ నెలలో చాలా మెయిల్స్‌లో వాడా. ఇవాళ్టి నుంచి మానేస్తున్నా. తేదీ, గంట, ఊరు మూడూ రాస్తా. ఎవరి పని మీద నిర్ణయమో ఆ మనిషి మేలుకుని ఉండే ఒక పూర్తి పనిరోజు దాటేదాకా అప్రూవ్ అయినట్టు లెక్కేయం.

---

రైలుకట్ట
నవంబర్ 13, 2025, మధ్యాహ్నం 1:15

మేడమ్, మీ ఆఖరి ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది, కాస్త పొడుగ్గా చెప్తా, ఏమీ అనుకోకండి.

మా నాన్నగారు స్టేషన్ మాస్టర్, రిటైరయ్యారు. చిన్నప్పుడు మేమున్న స్టేషన్లు సింగిల్ లైనువి. ఆయన గదిలో ఎర్ర రంగు ఇనప మెషీన్లు రెండుండేవి, ఇటు పక్క స్టేషన్‌కి ఒకటి, అటు పక్కకి ఒకటి. నీల్స్ బాల్ టోకెన్ అంటారు. అందులో ఉక్కు బంతులుంటాయి, బంతి మీద ఆ సెక్షన్ పేరు చెక్కి ఉంటుంది. ఆ బంతి చేతిలో లేకుండా డ్రైవర్ బండిని స్టేషన్ దాటించకూడదు. అయితే మా నాన్నగారు తన మెషీన్‌లోంచి తనంతట తాను బంతి తీయలేరు. అవతలి స్టేషన్‌కి బెల్లు కొట్టాలి, అక్కడి మాస్టర్ తన లైను ఖాళీగా ఉందని చూసుకుని తన మెషీన్ తిప్పి ఒప్పుకోవాలి, అప్పుడే ఇక్కడ బంతి దొర్లి బయటికొస్తుంది. మనం మామూలుగా లైన్ క్లియర్ అంటామే, అది ఇదే. ఒక బంతి బయటికొచ్చాక అది మళ్లీ మెషీన్‌లో పడేదాకా ఏ చివర్నుంచీ రెండో బంతి రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, బెత్తం రింగుకి తగిలించి పట్టుకుని నిలబడితే, ఆగని బండి డ్రైవర్ వంగి చేతికి తగిలించుకుని వెళ్లిపోయేవాడు. అది చూడ్డానికి నేను ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేవాణ్ణి.

ఇంకో విషయం, అసలు ముఖ్యమైంది ఇదే. బండి అవతలి స్టేషన్‌కి చేరగానే "వచ్చేసింది" అని బెల్లు కొట్టెయ్యరు. చివరి పెట్టె వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) అని రాసిన బోర్డు ఉంటుంది, రాత్రయితే ఎర్ర దీపం. అది కంటితో చూడాలి. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు, లేదంటే దారిలో పెట్టెలు తెగి ఎక్కడో లైను మీద ఆగిపోయి ఉండొచ్చు.

నేను విశాఖలో ప్రాజెక్టులు చూస్తా, మా గేట్లన్నీ ఇలాగే పెట్టుకున్నాం. పంపేవాడు ఫేజ్ అయిపోయిందని చెప్పడానికి వీల్లేదు. అందుకునేవాడు చెప్తాడు. ఎల్‌వీ బోర్డు ఏంటో ముందే రాసిపెట్టుకుంటాం, అంటే ఈ ఫేజ్‌లో ఆఖరి ముక్క ఏది, అది కంటితో ఎలా చూడాలి అని. మీ డిజైన్ గేట్‌కైతే, టెక్సస్ ఆర్డర్లు ఒక పది తీసుకుని డిజైన్ డాక్యుమెంట్ ఒక్కటే దగ్గర పెట్టుకుని హైదరాబాద్‌లో ఒక డెవలపర్ కాగితం మీద స్టాక్ లెక్కేసి డల్లాస్‌కి పంపాలి. అవి సరిపోతే గేట్ తెరుచుకుంటుంది. 12కీ 24కీ తేడా మొదటి ఆర్డర్‌లోనే బయటపడేది.

---

మెల్‌బోర్న్_మబ్బు
నవంబర్ 13, 2025, మధ్యాహ్నం 2:50

ఇక్కడ రాత్రి 8:20, భోజనం అయ్యింది, చదువుతూ కూర్చున్నా. రైలుకట్ట గారూ, మా తాతగారూ రైల్వేనే, గుంతకల్. ఆ తోలు సంచి వాసన గుర్తొచ్చింది.

నేను టెస్టింగ్ వైపు మనిషిని. లింగంపల్లి గారి సంగతిలో టెస్టింగ్ టీమ్‌ని తప్పు పట్టను, వాళ్లకి ఇచ్చిన డేటాతో వాళ్లు చేశారు. కానీ అందుకునేవాడు చెప్పాలంటే అందుకునేవాడికి అర్థమయ్యేలా ముందు పంపాలి కదా. నాకు పొద్దున లేచేసరికి హైదరాబాద్ నుంచి వచ్చిన హ్యాండోవర్ నోట్ ఒకటి ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"ప్రైసింగ్ ఆల్మోస్ట్ డన్. మైనర్ ఇష్యూస్ ఉన్నాయి. ప్లీజ్ చెక్ అండ్ కన్‌ఫర్మ్."

దీంతో నేనేం చేయాలి? మీకు అప్పుడు తెల్లవారుజాము 3:30, అడుగుదామంటే ఎవరూ ఉండరు. మీరు ఆఫీసుకొచ్చేసరికి నాకు మూడున్నర. రోజు పోయినట్టే. నెల రోజులు పోరాడి ఇలా మార్పించుకున్నా:

"ధర లెక్క 14 టెస్ట్ కేసుల్లో 12 సరిపోయాయి. 9, 13 ఆగాయి. 9లో డిస్కౌంట్ రెండుసార్లు పడుతోంది, కండిషన్ టేబుల్ వరకు చూశా, రొటీన్ లోపల చూడలేదు. ఏది కరెక్టో ఫ్రాంక్‌ఫర్ట్‌ని అడిగా, నువ్వు లేచేసరికి వాళ్ల జవాబు టికెట్‌లో లేకపోతే 9 ముట్టుకోకు, 13 మొదలుపెట్టు, దాని డేటా సిస్టమ్‌లో క్లయింట్ 200 అనే భాగంలో ఎక్కించి ఉంచా."

ఏది అయ్యింది, ఏది కాలేదు, ఎక్కడిదాకా చూశాడు, జవాబు రాకపోతే నేనేం చేయాలి, అన్నీ ఉన్నాయి. ఈ ఆఖరిది చాలామంది రాయరండీ, కానీ నాకు రోజు మిగిల్చేది అదే. రాయడానికి పావుగంట పడుతుందని మొదట్లో కుర్రాళ్లు విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే నా నోట్‌లో ఆ లైను లేకపోతే నన్ను అడుగుతున్నారు.

ఇంకోటి, నలుగురికీ ఒకే కాల్ అన్న ఆలోచన వదిలేయండి. జతలు జతలుగా చూడండి. మీకు ఉదయం 10 అంటే నాకు మధ్యాహ్నం 3:30, హాయిగా గంటన్నర దొరుకుతుంది. నాకు ఉదయం 8 అంటే డల్లాస్‌లో ముందు రోజు మధ్యాహ్నం 3. ఫ్రాంక్‌ఫర్ట్‌కి మీకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి సాయంత్రం దాకా కలుస్తుంది. మీకు రాత్రి పడేది హైదరాబాద్–డల్లాస్ జత ఒక్కటే. దాన్నొక్కదాన్ని బాగు చేసుకుంటే చాలు.

---

లింగంపల్లి_లోకల్
నవంబర్ 13, 2025, సాయంత్రం 6:30

మబ్బు గారూ మీ రెండో నోట్ ప్రింట్ తీసి టీమ్ దగ్గర అంటించాం, పేర్లు ఏవీ లేవు కాబట్టి పర్వాలేదనుకున్నా, చెప్పకుండా చేసినందుకు క్షమించండి.

రైలుకట్ట గారూ, ఒక్క అనుమానం. ఒక బంతి బయటుండగా రెండోది రాదంటున్నారు. మాకు ప్రతి గేట్‌లో ఏదో ఒకటి మిగిలిపోతూనే ఉంటుంది. అన్నీ అయ్యేదాకా ఆపితే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరుగురు ఖాళీగా కూర్చోవాలి. షరతుల మీద పాస్ చేయడం అనేది పెట్టుకోవచ్చా?

---

రైలుకట్ట
నవంబర్ 13, 2025, రాత్రి 7:10

పెట్టుకోవచ్చు, మేమూ పెడతాం, కానీ మూడుకి మించి షరతులుంటే అది పాస్ కాదు. ఒక్కో షరతుకి ఒక మనిషి పేరు, ఒక తేదీ. అది తర్వాతి టీమ్ పని రూపాన్ని మార్చేసేదైతే షరతు కింద పెట్టనివ్వం. రిపోర్ట్‌లో హెడ్డింగ్ మిగిలిపోవడం షరతు. కేస్‌కి ఎన్ని పీసులో తేలకపోవడం షరతు కాదు, అది పట్టాల మీద ఆగిపోయిన పెట్టె.

---

సూళ్లూరుపేట_గాలి
నవంబర్ 14, 2025, ఉదయం 6:45

నాది సాఫ్ట్‌వేర్ కాదు, మాది షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పక్క ఊరు, రాకెట్ లేచినప్పుడల్లా మేడెక్కి చూసే అలవాటు. ఆ ఇష్టంతో వాటి గురించి చదువుతుంటా. ఈ థ్రెడ్ చదువుతుంటే నిసార్ గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోయా.

ఇస్రో, నాసా కలిసి చేసిన ఉపగ్రహం అది. 2014లో ఒప్పందం. అందులో రెండు రాడార్లు, రెండు వేర్వేరు తరంగాలవి. ఎల్ బ్యాండ్ రాడార్ కాలిఫోర్నియాలోని నాసా ల్యాబ్ జేపీఎల్‌ది. ఎస్ బ్యాండ్ రాడార్ మన అహ్మదాబాద్‌ది. ఉపగ్రహం బాడీ బెంగళూరు. ప్రయోగం శ్రీహరికోట. కాలిఫోర్నియాకీ మనకీ పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. అంటే ఒకరికి పగలు ఇంకొకరికి రాత్రి, మీకున్న ఇబ్బంది కంటే ఎక్కువే.

వాళ్లు ఏం చేశారో చూడండి. 2021లో మన ఎస్ బ్యాండ్ రాడార్‌ని జేపీఎల్‌కి పంపారు, అక్కడ రెండు రాడార్లూ కలిపారు. 2023 మార్చిలో ఆ కలిపినదాన్ని విమానంలో బెంగళూరు తెచ్చి బాడీకి బిగించారు. అంటే కలిపే పని ఎక్కడ జరుగుతుంటే వస్తువు అక్కడికెళ్లింది, దాంతోపాటు మనుషులూ అక్కడికెళ్లారు. అమెరికా ఇంజనీర్లు బెంగళూరులో ఉండి మనవాళ్ల పక్కన నిలబడి పరీక్షలు చేశారు. రోజువారీ పని ఎవరి ఊళ్లో వాళ్లు చేసుకోవచ్చేమో గానీ, రెండు ముక్కలు కలిసే చోట మాత్రం ఫోన్ల మీద నడపలేదు.

ఇంకా పెద్ద విషయం. 2024 మొదట్లో ఎగరాల్సింది. అప్పుడు 12 మీటర్ల రిఫ్లెక్టర్ యాంటెన్నా ఉంది చూశారా, అంతరిక్షంలో గొడుగులా విచ్చుకునేది, అది ముడుచుకుని ఉన్నప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువ వేడెక్కవచ్చని తేలింది. దాన్ని మళ్లీ కాలిఫోర్నియా పంపి, వేడి తగ్గించే పూత వేయించి, 2024 అక్టోబర్‌లో వెనక్కి తెప్పించారు. పదేళ్లు పనిచేసి ఆఖరి గేట్ దగ్గర నిలబడి, మాకింకా సరిపోలేదు అని వస్తువుని సముద్రాలు దాటించి వెనక్కి పంపారు. 2025 జులై 30 సాయంత్రం 5:40కి జీఎస్‌ఎల్‌వీ ఎఫ్16 మీద ఎగిరింది. ఆ రోజు మా మేడ మీద మా అమ్మ కూడా ఉంది. పైకి వెళ్లాక యాంటెన్నా ఆగస్టులో విచ్చుకుంది.

---

డల్లాస్_దొండకాయ
నవంబర్ 14, 2025, ఉదయం 8:10

గొప్పగా రాశారు అన్నా. కానీ లింగంపల్లి గారికి ఉపగ్రహం లేదు, ప్రభుత్వం డబ్బూ లేదు. ఒక్క మనిషిని వారం రోజులు డల్లాస్ పంపాలంటేనే మూడు అప్రూవల్స్, వీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలు ప్రాజెక్ట్‌లో కుదిరేది చెప్పాలి.

---

మైన్_నది_ఒడ్డు
నవంబర్ 14, 2025, మధ్యాహ్నం 3:25

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, డిజైన్ వైపు మనిషిని, కాబట్టి ఈ థ్రెడ్‌లో నేరస్థుడి పక్షం అనుకోండి. కానీ ఒక మాట చెప్పాలి.

ఇది టైమ్‌జోన్ సమస్య అని అందరూ అంటున్నారు, నేను ఒప్పుకోను. ఎయిర్‌బస్ ఏ380 సంగతి చూడండి. హాంబర్గ్‌లో ఒక ముక్క, తులూజ్‌లో ఒక ముక్క. రెండు ఊళ్లకీ ఒకటే గడియారం, ఒక్క నిమిషం తేడా లేదు, విమానంలో రెండు మూడు గంటల దారి. అయినా ఆ విమానంలో 530 కిలోమీటర్ల వైర్లు ఉంటే, హాంబర్గ్ నుంచి వచ్చిన వైర్ల కట్టలు తులూజ్‌లో బిగించబోతే పొడవు చాలలేదు. జర్మనీ వాళ్లు డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో గీశారు, ఫ్రాన్స్ వాళ్లు కొత్తదాంట్లో. గీసిన ప్రతివాడి స్క్రీన్ మీదా అది సరిగ్గానే ఉంది. 2006లో ఆలస్యం ప్రకటించారు, మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 2007 అక్టోబర్‌లో గానీ వెళ్లలేదు.

లింగంపల్లి గారి "కేస్" కూడా అదే. అది రాసిన డిజైనర్ స్క్రీన్ మీద 12 తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, తను రాసింది చదివి పనిచేసే మనిషితో ఆ డిజైనర్ ఒక్కసారి కూడా మాట్లాడి ఉండడు. గడియారం దూరం వల్ల జరిగిందల్లా ఆ తప్పు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టడం. పక్క టేబుల్ అయితే రెండో రోజే ఎవరో ఒకరు అడిగేవారు.

అందుకే దొండకాయ గారూ, విమానం టికెట్ లేకపోయినా కుదిరేది ఒకటుంది. మా కంపెనీలో డిజైన్ అయిపోయాక దాన్ని నేను ప్రెజెంట్ చేయను. బిల్డ్ చేసే డెవలపర్ నాకు ప్రెజెంట్ చేస్తాడు, "మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ, ఇలా కడతా" అని. నేను నోరు మూసుకుని వినాలి. మొదటిసారి అలా విన్నప్పుడు నా డిజైన్ నాకే తెలీని ఇంకో వస్తువులా వినిపించింది. రెండు గంటల కాల్, అంతే ఖర్చు.

---

ఓరుగల్లు_పోరడు
నవంబర్ 14, 2025, సాయంత్రం 5:00

ఇది మస్తు నచ్చింది అన్నా. జూనియర్లకి మాట్లాడే ఛాన్స్ వస్తది. నా అసొంటోడు ఇంగ్లిష్‌ల మధ్యమధ్యల ఆగినా పర్వాలేదంటరా?

---

మైన్_నది_ఒడ్డు
నవంబర్ 14, 2025, సాయంత్రం 5:35

తమ్ముడూ, నాతో పనిచేసే జర్మన్లకి కూడా ఇంగ్లిష్ సొంత భాష కాదు, వాళ్లూ ఆగుతారు. మెల్లగా, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పేవాళ్లంటేనే వాళ్లకి సుఖం. బొమ్మ గీసి చూపించు, ఇంకా మంచిది.

---

బెజవాడ_టెస్టరక్క
నవంబర్ 15, 2025, ఉదయం 11:20

కట్‌ఓవర్ గురించి, అంటే పాత సిస్టమ్ ఆపి కొత్తదానికి మారే ఘట్టం గురించి, ఎవరూ ఎత్తలేదు, లింగంపల్లి గారికి త్వరలో వస్తుంది కాబట్టి చెప్తున్నా.

మా ప్రాజెక్ట్‌లో మూడో మాక్ (రిహార్సల్) కట్‌ఓవర్. డల్లాస్‌లో శుక్రవారం సాయంత్రం 6కి సిస్టమ్ ఆపాలి, ఆదివారం సాయంత్రం 6కి తెరవాలి, 48 గంటలు, రన్‌బుక్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేయాలో రాసిన లిస్టు) మూడొందల పైచిలుకు స్టెప్పులు. అందులో ఒక స్టెప్పు "శనివారం రాత్రి 12 గంటలకి స్టాక్ లోడ్ మొదలుపెట్టాలి, హైదరాబాద్" అని ఉంది. రాసినాయన అమెరికాలో ఉంటాడు, ఆయన లెక్కలో శనివారం 12 ఏఎం అంటే శుక్రవారం అయిపోయి శనివారం మొదలయ్యే నిమిషం, వాళ్ల టైమ్. మా అబ్బాయి హైదరాబాద్ టైమ్ అనుకున్నాడు, సరే అదొక తప్పు. అంతకంటే పెద్దది, శనివారం రాత్రి అంటే వాడికి శనివారం పగలు గడిచాక వచ్చే రాత్రి. మనందరికీ అంతే కదండీ. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, అర్ధరాత్రితో కాదు, ఇంట్లో పెద్దవాళ్లు తెల్లవారుజామున రెండింటికి కూడా నిన్నటి వారమే చెప్తారు. శనివారం పొద్దున 10:30కి మొదలవ్వాల్సిన లోడ్ శనివారం అర్ధరాత్రి మొదలైంది. పదమూడున్నర గంటలు. మాక్ కాబట్టి బతికాం.

తర్వాత రన్‌బుక్ మొత్తం యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్‌లోకి, మార్చాం, 24 గంటల గడియారం, తేదీతో సహా. ఆ టైమ్‌ని తమ ఊరి టైమ్‌లోకి మార్చి పక్క కాలమ్‌లో తన చేత్తో రాసుకోవడం ఆ స్టెప్పు చేసే మనిషి పని. ఇంకొకరు మార్చి ఇవ్వకూడదు. ఐఎస్‌టీ అని కూడా రాయనివ్వం, ఐర్లాండ్ వాళ్లకీ ఇజ్రాయెల్ వాళ్లకీ కూడా ఐఎస్‌టీ ఉంది. ఊరి పేరు రాయాలి.

ఇంకా, గడియారాలు మారే ఆదివారాల్లో కట్‌ఓవర్ పెట్టకండి. అమెరికాలో 2026 మార్చి 8న మారుతుంది, యూరప్‌లో మార్చి 29న, మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ 5న. ఆ నెల రోజుల్లో ప్రతి జత తేడా కనీసం ఒకసారి మారిపోతుంది. రాత్రి 2:30కి పెట్టుకున్న జాబ్, గడియారం ముందుకి దూకిన రోజు ఆ టైమే ఉండదు కాబట్టి సిస్టమ్‌ని బట్టి అసలు నడవకపోవచ్చు. వెనక్కి తిరిగిన రోజు రెండుసార్లు నడవొచ్చు.

---

డల్లాస్_దొండకాయ
నవంబర్ 15, 2025, రాత్రి 8:40

అక్కా ఇది బంగారం లాంటి మాట. సెలవులు కూడా కలపండి ఆ లిస్టులో. ఈ నెల 27 థ్యాంక్స్‌గివింగ్, మా వాళ్లు మర్నాడూ ఉండరు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా జర్మనీ ఖాళీ, మెల్‌బోర్న్‌లో అప్పుడు ఎండాకాలం సెలవులు. అందరూ తిరిగొచ్చేసరికి మన సంక్రాంతి వారం. జనవరి 26 ఇటు రిపబ్లిక్ డే, అటు ఆస్ట్రేలియా డే. ప్లాన్‌లో పది వారాలు కనిపిస్తాయి గానీ నాలుగు టీములూ పూర్తిగా ఉండే వారాలు ఎన్నో ముందే లెక్కపెట్టుకోండి.

రాత్రి కాల్ గురించి నా వైపు నుంచి ఒకటి ఒప్పుకుంటున్నా. మా డల్లాస్ వాళ్లు 9కి బదులు ఉదయం 7:30కి కూర్చుంటే మీకు ఇప్పుడు 7, మార్చి తర్వాత 6. నేనెప్పుడూ క్లయింట్‌ని ఇది అడగలేదు, వాళ్లు ఒప్పుకోరని నాకు నేనే అనుకున్నా. ఈ థ్రెడ్ చదివాక నిన్న అడిగా. వారంలో రెండు రోజులకి సరే అన్నారు.

---

లింగంపల్లి_లోకల్
డిసెంబర్ 19, 2025, సాయంత్రం 7:15

నెల దాటింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

రోజూ కాల్ తీసేశాం. డల్లాస్‌తో వారానికి రెండు, మాకు రాత్రి 7కి, గంట దాటితే ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చని రాతలో పెట్టాం. మూడో కాల్ ఒకటుంది, అది వాళ్లకి రాత్రి, మాకు ఉదయం 8:30. క్లయింట్ వైపు మేనేజర్ మొదటిసారి తన రాత్రి 9కి కూర్చున్నప్పుడు "మీరు ఇన్నాళ్లూ రోజూ ఇలాగే ఉన్నారా" అని అడిగాడు. ఆ తర్వాత ఆయన ఇంకేం వాదించలేదు. పేపర్లు వేసినవాళ్లలో ఒకమ్మాయి వెనక్కి తీసుకుంది, ఇంకో అబ్బాయి వెళ్లిపోయాడు.

వేవ్ 2 డిజైన్‌ని మైన్ నది గారు చెప్పినట్టే తిప్పి ప్రెజెంట్ చేయించాం. మా టీమ్‌లో అందరికంటే చిన్నమ్మాయి చేసింది, తెల్లబోర్డు మీద గోడౌన్ బొమ్మ గీసి. నలభై నిమిషాల్లో రెండు పెద్దవి బయటపడ్డాయి. వాటిలో ఒకటి చెప్తా, జర్మనీలో ఖాళీ సీసాలు వెనక్కి తీసుకుని డిపాజిట్ డబ్బు తిరిగిస్తారు, అది వాళ్లకి ఎంత మామూలంటే డిజైన్‌లో స్టాక్ కదలిక ఉంది గానీ ఆ డబ్బు లెక్క లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఆర్కిటెక్ట్ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇది నేను ఆగస్టులోనే వినాల్సింది" అన్నాడు.

గేట్ తెరవలేదు. పంపేవాళ్లు రెడీ అన్నారు, మేం లైన్ క్లియర్ ఇవ్వలేదు. నాకు ఉద్యోగంలో అలా చెప్పడం ఇదే మొదటిసారి, చెప్పేటప్పుడు చేతులు చల్లబడ్డాయి. పై నుంచి ఫోన్ వచ్చింది, డేట్ జారుతోంది ఏంటని. 12, 24 సంగతి, మూడు వారాల ఖర్చు ముందు పెట్టా, రెండు వారాలు ఇచ్చారు.

---

రైలుకట్ట
డిసెంబర్ 19, 2025, రాత్రి 9:00

మేడమ్, మీ పోస్ట్ మా నాన్నగారికి చదివి వినిపించా. అంతా విని "ఎల్‌వీ బోర్డు ఏం పెట్టుకుందో అడుగు ఆవిణ్ణి" అన్నారు.

---

లింగంపల్లి_లోకల్
మార్చి 11, 2026, రాత్రి 7:50

నాన్నగారికి ఆలస్యంగా జవాబు చెప్తున్నా, వేవ్ 1 గో-లైవ్‌లో, అంటే కొత్త సిస్టమ్‌ని నిజంగా వాడుకలోకి తేవడంలో, మునిగిపోయా. ఫిబ్రవరి చివరి శని ఆదివారాల్లో అయ్యింది, గడియారాలు మారకముందే. బెజవాడ అక్క చెప్పినట్టు రన్‌బుక్ అంతా యూటీసీలోనే, పక్క కాలమ్‌లో ఎవరి టైమ్ వాళ్లు రాసుకున్నారు. రెండు చోట్ల తప్పు రాసుకున్నారు, రెండూ మాక్‌లోనే దొరికాయి.

ఎల్‌వీ బోర్డు ఏంటంటే, యూఏటీలో 10 కేసులు కొట్టి మొదట ఆ తేడా పట్టుకున్న డల్లాస్ ఆవిడ. గో-లైవ్ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ గోడౌన్‌కెళ్లి, కొత్త సిస్టమ్‌లో 10 కేసుల ఆర్డర్ కొట్టి, పెట్టెలు దింపించి, ఒకటి తెరిచి లెక్కపెట్టి, సిస్టమ్‌లో 240 తగ్గిందని తన ఫోన్‌లో ఫొటో తీసి పంపాలి. అది వచ్చేదాకా పాత సిస్టమ్ ఆపం అని రాసుకున్నాం. మాకు అర్ధరాత్రి దాటింది, ఆ ఫొటో 1:20కి వచ్చింది. తెరిచిన అట్టపెట్టె, పైన ఆవిడ చెయ్యి, పక్కన స్క్రీన్. ఆ రాత్రి మేలుకుని ఉన్నది ఆరుగురం, ముందే అడిగి వంతులు వేసుకున్నాం, మర్నాడు ఆరుగురికీ సెలవు.

వేవ్ 2 డిజైన్ గేట్ జనవరిలో తెరిచాం, రెండు షరతులతో. ఒకటి పోయింది. రెండోది సీసాల డిపాజిట్‌లో ఒక పన్ను లెక్క, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రేపు మధ్యాహ్నం రావాలి. మొన్న 8న డల్లాస్ గడియారం మారింది, ఫ్రాంక్‌ఫర్ట్‌ది 29 దాకా మారదు, కాబట్టి ఈ మూడు వారాలు వాళ్లిద్దరి కాల్ గంట జరిగింది, క్యాలెండర్లు సరిచేసుకోమని ఇందాకే అందరికీ రాశా. మీలో ఎవరికైనా అలాంటి కాల్స్ ఉంటే ఇవాళే చూసుకోండి.